కోట కట్ట మీద లైన్ క్లియర్

గార్డు సారు పోయిన కబురు నాకు పెరుగవ్వ తెచ్చింది. రోజూ మా వాకిట్లో గంప దించి, నడుము పట్టుకుని కాసేపు నిలబడి, ఆ తర్వాతే నోరు తెరిచే మనిషి. ఆ పొద్దు గంప దించకుండానే చెప్పింది.

"బిడ్డా, గార్డుసారు పోయిండు. తెల్లారంగ చాయ తాగిండట, కప్పు కింద వెట్టిండట, గంతే."

చొక్కా కోసం దండెం వైపు తిరిగాను. వెనక నుంచి ఇంకో మాట అడిగింది.

"మరి జిమ్మిని ఎవ్వలు తిప్పుతరు?"

చావు కబురు వెనకాలే కుక్క ఊసేమిటని మీకు అనిపించవచ్చు. మా మట్టికోట కట్ట మీద నడిచినవాళ్లకు అనిపించదు.

ఆయన కాజీపేటలో ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి, రిటైరై, మా వాడకట్టులో ఇల్లు కొనుక్కున్నారు. వచ్చిన ఏడాదే గుండె కొంచెం మొరాయించింది. రోజూ గంటసేపు నడవకపోతే తన పూచీ లేదని దవాఖానలో డాక్టరు చెప్పేశాడట. రోడ్డు మీద లారీలు తిరుగుతాయి కాబట్టి నడవడానికి కట్ట ఒక్కటే దిక్కు. ఒంటరిగా నడవడం ఆయనకు చేతకాదు. ముందర నలభై వ్యాగన్లు ఉంటే తప్ప కదలని మనిషి. వ్యాగన్లు దొరకవు గనుక ఒక కుక్కను తెచ్చి ముందు పెట్టుకున్నారు.

అదే జిమ్మి. పసుపు రంగు, పొడుగు కాళ్లు, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ చిన్ననాటి చుట్టంలా పలకరించడం దాని గుణం. పలకరింపంటే రెండు ముందుకాళ్లూ ఎత్తి గుండెల మీద పెట్టడం.

కట్ట మీది బాట సంగతి కూడా చెప్పాలి. ఇద్దరు ఎదురైతే ఒకరు భుజం వంచాలి. ఒకరి నెత్తిన గంప ఉంటే రెండోవాళ్లు తుమ్మకంపలోకి జరగాలి. పెరుగు కుండలు, కూరగాయలు, కట్టెల మోపులు అన్నీ ఆ బాట మీదే బజారుకు దిగేవి. నేను మిర్చి మార్కెట్లో తూకం వేసేవాణ్ణి కాబట్టి నాదీ అదే దారి. నాకు కుక్కలంటే భయం. అందుకని పన్నెండు నెలలూ గొడుగు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఎండాకాలంలో ఎండకని, వానాకాలంలో వానకని చెప్పేవాణ్ణి. చలికాలంలో అడిగితే మాట మార్చేవాణ్ణి.

ఆయన నడక మొదలైన మూడోనాడో నాలుగోనాడో పెరుగవ్వ ఎదురొచ్చింది. కుక్కను చూసి ఆగిపోయింది. అప్పుడు గార్డు సారు, లోకంలో కుక్కలున్న వాళ్లందరూ అనే మాటే అన్నారు.

"ఏమనదవ్వా, రా."

అవ్వ వచ్చింది. జిమ్మి పలకరించింది. రెండు కుండలు పగిలాయి. అవ్వ తల నుంచి నడుము దాకా తెల్లబడింది. జిమ్మి ఆమె మోకాలు నాకుతుంటే గార్డు సారు జేబులోకి చెయ్యి పోనిచ్చారు.

"పైసలు లోపల వెట్టు సారూ," అంది అవ్వ, కళ్ల మీది పెరుగు తుడుచుకుంటూ. "పైసలెవ్వలకు గావాలె? నా బాట నాకు గావాలె."

మర్నాడు పొద్దున గంపలవాళ్లు ఏడెనిమిది మంది బాటకు అడ్డంగా కూర్చున్నారు. మధ్యలో అవ్వ. అటు ఆయన, కుక్క. ఇటు నేను, గొడుగు.

"కుక్కనన్న రావాలె, మేమన్న రావాలె," అంది అవ్వ. "రెండు నడువయి."

నడక లేకపోతే గుండెకు పూచీ లేదు. కుక్క లేకపోతే నడక లేదు. బాట లేకపోతే అవ్వకు బువ్వ లేదు. ఈ మూడూ అక్కడున్న అందరికీ తెలుసు. గార్డు సారు జిమ్మి తాడు పొట్టిగా పట్టుకుని అన్నారు.

"తప్పు నాదే అవ్వా. లైన్ క్లియర్ లేకుండ బండి ఇడిసిన. నాకు ఎనిమిది రోజులియ్యి. ఆ లోపల ఇది ఒక్కలనన్న ముట్టుకుంటె, ఇగ నేనే కట్ట ఎక్క."

"నువ్వెక్కకుంటె నీ గుండె?"

"అది నా ఫికరు."

ఆ సాయంత్రం ఆయన సున్నం బకెట్టుతో కట్ట ఎక్కారు. కాస్త వెడల్పున్న చోట్లు మూడు చూసి ఒక్కో రాయి పాతి సున్నం కొట్టారు. ఏమిటివి అని అడిగితే లూపులన్నారు. చిన్న స్టేషన్లలో మెయిలు బండి దాటిపోయే దాకా గూడ్సును పక్క పట్టాల మీద ఆపుతారు, అదీ లూపు. ఎవరైనా ఎదురొస్తే కుక్కతో సహా రాయి దగ్గర పక్కకు తప్పుకుంటారట. విజిలు ఒకసారి పొడుగ్గా ఊదితే జిమ్మి కూర్చోవాలి. ఎదుటివాళ్లు దాటాక రెండుసార్లు పొట్టిగా ఊదితే లేవాలి. అది లైన్ క్లియర్, అంటే ముందు పట్టాలు ఖాళీ, బండి కదలొచ్చని.

"నెత్తిమీద బరువున్నోల్లు ముందు. ఆ తరువాత ముసలోల్లు. ఆ తరువాత గొడ్లు. ఆ తరువాత నీలాంటి చేతులూపుకుంట పోయెటోల్లు. ఆఖరుకు కుక్క, దాని ఎనుక నేను," అన్నారు.

"అందరికన్నా ఆఖర్న ఎందుకు సార్?"

"తమ్మీ, ముప్పయ్యేండ్లు గూడ్సు మీద చేసిన. బియ్యం, బొగ్గు, ఉప్పు, అన్ని నా ఎంబడే. కానీ ముందెవ్వలు పోతరు? మెయిలు. చేతుల పేపరు వట్టుకున్నోడు పోతడు, బరువు మోసెటోడు ఎండల ఆగుతడు. గీ ఒక్క బాట మీదనన్న ముందు గూడ్సును పోనియ్యాలె."

ఆ ఎనిమిది రోజులూ పొద్దున కట్ట మీద నడక, ఆ తర్వాత ఇంట్లో శిక్షణ. గంపకు బదులు నెత్తిన చాట పెట్టుకుని వాకిట్లో పొద్దస్తమానం నడిచింది ఆయన భార్య గార్డమ్మ. "ఈయన రైలును ఇడిసిపెట్టిండు గని రైలు ఈయనను ఇడుస్తలేదు," అనేది నడుస్తూనే.

ఏడు రోజులు బాగా గడిచాయి. ఎనిమిదో పొద్దున గంపలవాళ్లంతా చూడ్డానికి ఆగారు. అవ్వ గంపతో వస్తోంది. విజిలు పడింది. జిమ్మి రెండో రాయి దగ్గర కూర్చుంది. సరిగ్గా అప్పుడే కోట గోడ మీంచి ఒక కొండముచ్చు దూకి అవ్వ ముందర నిలబడింది. గంపలోకి చెయ్యి పెట్టింది. జిమ్మి ఒళ్లంతా వణుకుతోంది గానీ లేవలేదు. గార్డు సారు విజిలు పెదాల మధ్య పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

"సారూ, ఏం జూస్తాన్నవ్? కుక్కను ఇడువు."

"నువ్వింక దాటలే అవ్వా. లైన్ క్లియర్ కాలే."

కొండముచ్చు మూత తీసి, చెయ్యి ముంచి, రుచి చూస్తోంది.

"నీ లైన్ మన్నువడ. నేనే ఇస్తాన్న లైన్ క్లియర్, ఇడువు."

రెండు విజిళ్లు పడ్డాయి. ఆ తర్వాత జిమ్మీ కనపడలేదు, కొండముచ్చూ కనపడలేదు. కంప కదిలిన చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. అవ్వ మూత సరిచేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, "రేపు గూడ తోల్కరా," అంది.

ఆ రోజు నుంచి ఆయన్ని దాటిన ప్రతిసారీ ఆమె వెనక్కి చూడకుండా "లైన్ క్లియర్" అనేది. ఆ తర్వాతే ఆయన ఊదేవారు. పదేళ్లకు పైగా ఇదే వరస.

ఆయన పద్ధతులు కొన్ని నాకు ఇంకా నోటికి వస్తాయి. చెంబుతో పోయేవాడు ఎదురైతే కుక్క మొహాన్ని, తన మొహాన్ని అటు తిప్పేసేవారు. "వానికి నమస్తే పెట్టద్దు తమ్మీ. వాని చెయ్యి ఖాళీ ఉండదు, మనసు ఖాళీ ఉండదు." జేబులో ఒక చిన్న తాపీ ఉండేది. జిమ్మి పని కానిస్తే వంగి మన్ను కప్పేవారు. మనుషులే కప్పని చోట కుక్కది కప్పుతున్నారేమిటని నవ్వితే, "మనుషులకు నేను గార్డును కాదు," అన్నారు.

నా గొడుగు గురించి ఎప్పుడూ అడగలేదు. నేను కనపడగానే పది బారల దూరంలో ఆగేవారు. నేను దాటి, గొడుగు మూశాక ఊదేవారు. అది మూయడమే నా లైన్ క్లియర్ అని ఆయన లెక్క. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒకసారి సిగ్గుపడి, ఇంత వయసొచ్చినా భయం పోలేదు సార్ అన్నాను.

"భయపడుడు తప్పు కాదు తమ్మీ. తాడు ఎవ్వని చేతుల ఉన్నదో వాడు జవాబు చెప్పాలె. 'ఏమనదు' అని మాత్రం ఎన్నడు అనద్దు. అది ఏమంటదో దానికే ఎర్క."

ఇన్ని నేర్పినందుకు ఆయన నష్టపోలేదని కాదు. ఒక మిట్ట మధ్యాహ్నం ఆయన ఇంట్లో దొంగ పడ్డాడు. నీళ్లు కాచే పెద్ద ఇత్తడి గుండిగ దొరికింది. మోయడానికి వీలుగా నెత్తిన పెట్టుకున్నాడు. గేటు దగ్గర పడుకున్న జిమ్మి చూసింది. నెత్తి మీద బరువు. లేచి, పక్కకు జరిగి, తోక ఆడిస్తూ కూర్చుంది. గార్డమ్మ ఎదురింటి అరుగు మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"కుక్క గంత మర్యాదగ కూసున్నదంటె గిన్నెలకు కళాయి వోసెటోడే అనుకున్న," అంది తర్వాత.

కుక్కను కొడతారేమో అనుకున్నాను. ఆయన దాని తల నిమిరారు. "రూలు రూలే. దొంగ బరువు వేరని నేను దీనికి చెప్పలే."

ఆ ఇంట్లో అప్పట్నుంచి నీళ్లు సిల్వర్ గిన్నెలోనే కాచుకున్నారు.

చివరి రోజు సంగతి. గార్డమ్మ ఆయనకు పాత డ్యూటీ తెల్లకోటు తొడిగించింది. జేబులో విజిలు ఉందమ్మా, తియ్యమంటారా అని అడిగాను. "ఉండనియ్యి. ఆడ గూడ లూపులనే వెడ్తరేమో, ఊదుకుంటడు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సమాధుల తోటకు కట్ట మీద నుంచే దగ్గర. పెట్టెను ఆరుగురం ఎత్తాం. ముందు కుడి భుజం నాది. గొడుగు ఇంట్లో ఉంది. జిమ్మి మా కంటే ముందే కట్ట ఎక్కింది, రోజువారీ నడకే అనుకుందేమో. ఇప్పుడు దానికీ ముసలితనమే, కింది చెవితో పాటు పై చెవి కూడా వాలింది. రెండో రాయి దగ్గర వెనక్కి తిరిగి చూసింది. బరువు మోసుకొస్తున్న మనుషులు కనపడ్డారు. ఎవరూ ఊదలేదు. అది మెల్లగా పక్కకు తప్పుకుని కూర్చుంది.

దాని మూతికీ నా మోకాలికీ మధ్య జానెడు ఎడం. ఇన్నేళ్లలో అంత దగ్గరగా నేను వెళ్లలేదు. అది నన్ను చూడలేదు, పైనున్న పెట్టెనే చూస్తోంది.

మన్ను పోసి తిరిగి వచ్చేసరికి జిమ్మి అక్కడే కూర్చుని ఉంది. ఎండ దాని మీదికి వచ్చేసింది. పిలిచాం, లేవలేదు. ఊదాల్సిన విజిలు ఎక్కడుందో మాకు తెలుసు. వెనక నుంచి పెరుగవ్వ వచ్చి దాని ముందర నిలబడింది. ఆ మాట ఆమె ఎప్పుడూ ముందుకు నడుస్తూ అనేదే తప్ప నిలబడి అనలేదు.

"దాటిండు బిడ్డా," అంది. "లైన్ క్లియర్."

జిమ్మి లేచి, ఒళ్లు దులుపుకుని, ఇంటి దారి పట్టింది. అది ముందు, మేము ఇరవై ముప్పై మందిమి వెనక. మొదటి రాయి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కట్టెల మోపుతో ఒకామె వస్తోంది. జిమ్మి పక్కకు తప్పుకుని కూర్చుంది. దాని వెనక నేను తప్పుకున్నాను. నా వెనక మిగతావాళ్లు ఒక్కొక్కరే కంపలోకి జరిగి నిలబడ్డారు.

ఆమె బెదిరి ఆగిపోయింది. "ఎవ్వలు పోయిన్రు? నన్ను జూసి ఆగవడ్తిరేంది?"

"నెత్తిమీద మోపున్నది గద," అంది అవ్వ. "నడువరాదు."

ఆమె నడిచింది. మోపులోంచి రాలిన ఎండుటాకులు మా భుజాల మీద ఒక్కొక్కటే పడ్డాయి. ఆమె కట్ట మలుపు తిరిగే దాకా ఎవరమూ కదల్లేదు.