తడి సిరా మీద అరచెయ్యి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మార్కాపురం తాలూకాలోని ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు నకలు గుమాస్తాగా వేశారు. అప్పట్లో ఆ తాలూకా కర్నూలు జిల్లాలోనిది, కర్నూలే రాజధాని. రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ అక్షరం పొల్లుపోకుండా పెద్ద పుస్తకంలోకి చేత్తో ఎక్కించడం నా పని. టైపు లేదు, కార్బను లేదు. సిరాబిళ్ళలు నీళ్ళలో కరిగించుకుని, మెడ పట్టేసేదాకా రాయడమే.

కలాలు, కాగితాల పిచ్చి నాకు ఈనాటికీ వదల్లేదు. కొత్త పాళీకి పొగరెక్కువ, కాగితాన్ని గీకుతుంది. కొంతకాలం రాశాక రాసేవాడి చేతివాటానికి అరిగి, చెప్పినట్టు నడుస్తుంది. అట్లాంటి పాళీ నాకొకటి ఉండేది. ఎవరడిగినా, సాక్షాత్తూ ఆఫీసరే అడిగినా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఒక పొద్దున దస్తావేజు లేఖరి చెన్నమ్మ అనే ఆవిడను వెంటబెట్టుకుని వచ్చాడు. పలకల కార్ఖానాలో రాయిని నున్న చేసే మనిషి. ఆ రాతిపొడి పట్టీ పట్టీ అరచేతులు బూడిదరంగుకు తిరిగాయి. తనకు మిగిలిన ఒక్క చేనునూ చెల్లెలి కూతురి పేర రాసిస్తోంది. రెండో చేను పోయిన కథ ఊరందరికీ తెలిసిందే. మొగుడు పోయిన కొత్తలో మరిది శిస్తు కాగితమని చెప్పి ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ దెబ్బతో ఆవిడ విరిగిన పలకముక్కలు ఇంటికి తెచ్చుకుని, చెల్లెలి కూతురి దగ్గర కూర్చుని తన పేరు రాయడం నేర్చుకుంది.

మామూలుగా సంతకాలు లేఖరి అరుగు మీదే అయిపోతాయి. చెన్నమ్మ దానికి ఒప్పుకోలేదు.

"మా మరిది అరుగు మీదనే నా ఏలు పట్టుకుని అద్దించినాడు సామీ. నేను నీ కండ్ల ముందరే పెడతా" అన్నది సబ్ రిజిస్ట్రారుతో. ఆయన ముక్కోపి, నిబంధనల మనిషి. అయినా సరేనన్నాడు.

ఆఫీసు కలం అందించారు. ఆమె దాన్ని బలపంలాగా నిలువునా పట్టుకుని, ఒంట్లో బలమంతా పెట్టి అదిమింది. పాళీ కాళ్ళు విచ్చుకుని సిరా బొట్టు పడింది, మొదటి అక్షరం అలుక్కుపోయింది. వెంటనే చెన్నమ్మ పలకను తుడిచినట్టు అరచేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది! స్టాంపు కాగితం అడుగుభాగమంతా నీలంగా పాకింది.

లేఖరి తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది! దస్తావేజంటే పలకనుకున్నావా?" అని ఆఫీసరు కసిరాడు. "వేలిముద్ర వేయించి పని కానివ్వండి" అన్నాడు లేఖరితో.

చెన్నమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

"వచ్చింది నేనేనని గుర్తుకోసం ముద్రల పుస్తకంలో ఏలెయ్యమంటే ఏస్తా. అది అందరికీ ఉండేదేనంట. ఈ కాగితం కింద మాత్రం ఎయ్యను సామీ. అట్ల కాదంటే నా కాగితం నాకియ్యండి, పోతా."

పోతే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఆ చేను ఆమె పేర ఉన్నన్నాళ్ళూ మరిది కన్ను దాని మీదే ఉంటుంది.

ఆఫీసరు కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. పైన రాసిన విషయాన్ని మరక ముట్టలేదు. "దస్తావేజులో చెరుపు ఉంటే, దాని పక్కన రాసిచ్చేవాళ్ళు సంతకం పెట్టాలి. అంటే ఇప్పుడు నువ్వు ఒకటి కాదమ్మా, రెండు పెట్టాలి. పెట్టగలవా?" అన్నాడు. గొంతులో కసురు తగ్గింది.

"పెడతా."

నేను లేచి నా అరిగిన పాళీ ఉన్న కలం తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. "పెద్దమ్మా, అదమద్దు. అదే నడుస్తది" అన్నాను.

"ఏంది నాయనా, చేతిలో ఏమీ లేనట్టే ఉందే!" అన్నది.

పొద్దస్తమానం రాసేవాణ్ణి నేను. ఒక మనిషి రాయడాన్ని కళ్ళారా చూడటం మాత్రం అదే మొదలు. ప్రతి అక్షరాన్నీ ముందు గాలిలో తిప్పుకుని, ఆ తర్వాతే కాగితం మీద దించింది. ఒత్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. బయట బండి ఎద్దుల గంటలు మోగుతున్నాయి. చెరుపు పక్కన ఒకసారి, దాని కింద ఒకసారి, చెన్నమ్మ తన పేరు తాను రాసుకుంది. ఆఫీసరు తానే అద్దుడు కాగితం తీసి, ఆ తడి మీద మెల్లగా ఒత్తాడు.

తర్వాత ముద్రల పుస్తకంలో వేలు వేసింది. మా ఆఫీసు గుమ్మం పక్క గోడ నల్లగా ఉండేది, ముద్ర వేసినవాళ్ళంతా బొటనవేలు దానికే రాసి పోయేవాళ్ళు. ఆమె కూడా అక్కడే వేలు తుడుచుకుంది. జవాను అరచేతి సిరా చూసి నీళ్ళ చెంబు అందించబోయాడు.

"ఇది ఉండనీలే నాయనా. ఇంటికాడ మా పిల్లకు చూపియ్యాల" అని చెయ్యి విప్పుకునే మెట్లు దిగింది.

ఆ సాయంత్రం ఆ దస్తావేజు నకలు రాశాను. నా చేతిలో ఆమె పేరు గుండ్రంగా, వరసగా వచ్చింది, అసలు దస్తావేజు పక్కన పెట్టి చూస్తే వెలవెలబోయింది. వేలు పట్టుకుని ముద్ర ఎవరైనా వేయించవచ్చు, సంతకం మాత్రం ఎవరికి వారే పెట్టుకోవాలి. తర్వాత నేనూ సబ్ రిజిస్ట్రారునై, ఎన్నో ఊళ్ళు తిరిగి రిటైరయ్యాను. నా బల్ల ముందు కలం పట్టినవాళ్ళను ఎప్పుడూ తొందరపెట్టలేదు.