కోతపండుగలో పాడుకున్న టీ కెటిల్

రోలుగుంట హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒక సాయంత్రం నర్సీపట్నంలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, పాత ఇనుము కొనే కొట్టు ముందు తూకానికి పోసిన గరిటెల మధ్య ఒక చిన్న చెంచా కనిపించింది. కాడ మీద ద్రాక్షతీగ చెక్కి ఉంది. నల్లబడిపోయినా చేతికి బరువుగా, చల్లగా తగిలింది. కొట్టాయన స్టీలు ధరకే ఇచ్చేశాడు. ఇంటికి తెచ్చి తోమితే తెల్లగా తేలింది. అసలు వెండి కాదు, లోపల వేరే లోహం, పైన వెండి పూత. ఆనాటి నుంచి తుని వెళ్లినా, పాయకరావుపేట వెళ్లినా పాత సామాన్ల కొట్టు కనిపిస్తే నా కాళ్లు ఆగిపోయేవి. ఆరేడేళ్లలో చెంచాలు, వెన్న రాసుకునే కత్తులు, కేకు పళ్లెం, మూత లేని చక్కెర గిన్నె పోగయ్యాయి. “తినడానికి మనకి కంచాలు లేవా ఏటి?” అంటారు మా ఆయన. అంటూనే వాటి కోసం గోడకి అద్దాల బీరువా బిగించి పెట్టారు.

కిందటేడు మా చర్చికి సున్నాలు వేయిస్తుంటే అటక మీద గోనెసంచిలో ఒక టీ కెటిల్ దొరికింది. పూర్వం మిషన్ బంగళాలో దొరలు వాడినది. పాస్టరుగారు దాన్ని కోతపండుగ వేలంలో పెట్టారు. ఆ పండుగకి సంఘంలో అందరూ ఇంట పండినవీ వండినవీ తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే వాటికి పాట పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, రెండు కోళ్లు అయ్యాక కెటిల్ బల్ల మీదికి వచ్చింది. నేను పాడాను. వెనక నుంచి ఇంకెవరో పాడారు. తిరిగి చూస్తే కాంపౌండరు తాతగారు. ఆస్పత్రి ఉద్యోగం మాని పాతికేళ్లయిన మనిషి. ఏ కోతపండుగలోనూ ఆయన ఒక్క నిమ్మకాయకైనా పాడగా ఎవరూ చూడలేదు.

నేను పెంచాను. ఆయనా పెంచారు. జనం ముసిముసిగా నవ్వుకున్నారు. చివరికి ఆయన చెయ్యి దించేసి కుర్చీలో వెనక్కి వాలిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి తెచ్చి తోమానేగాని, ఆ దించిన చెయ్యే కళ్లలో మెదులుతూ ఉంది. మర్నాడు సాయంత్రం కెటిల్ సంచిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

“తాతగారూ, ఇది మీరు ఉంచుకోండి.”

“నాకెందుకమ్మా? నువ్వు పాడుకున్నావు, నీదే.”

“మరి అంతవరకూ ఎందుకు పాడేరండి?”

ఆయన కెటిల్‌ని రెండు చేతులతో అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

“మాయమ్మ ఆ బంగళా వొంటింట్లో పన్జేసీది. రోజూ దీన్ని తోమీది. నేను పక్కన కూకునీవోడిని. దీన్లో నా మొకం సొరకాయలాగ సాగిపోయి కనపడీది. టీ మాత్రం లోపలి గదిలోకి ఎల్లిపోయీది. ఆ టీ ఎలాగుంటాదో ఒక్కసారి తాగి సూడాలని ఉండీది. అంతేనమ్మా.”

“అయితే ఆదివారం మా ఇంటికి రండి,” అన్నాను, ఆయన తిరిగిచ్చిన కెటిల్‌ని సంచిలో పెట్టుకుంటూ.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నేను పాలు పొయ్యి మీద పెట్టబోతుంటే వంటగది గుమ్మంలోంచి ఆపేశారు.

“అలాక్కాదు. పాలు యేరే, పంచదార యేరే. మరిగిన నీళ్లు దీన్లో పోసి, టీ ఆకేసి మూతెట్టీ. మాయమ్మ సెప్పీది.”

చెప్పినట్టే చేశాను. మంచి కప్పులు తీశాను. ఆయన కప్పులో పోసి, పాలు చుక్క కలిపి ఇచ్చాను. మా ఆయనా నేనూ ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాం. ఒక గుక్క తాగారు. కాసేపు ఆగి ఇంకో గుక్క తాగారు.

“ఎలాగుందండీ?”

“సప్పగా ఉందమ్మా!”

ముందు ఆయనే నవ్వారు. తర్వాత ముగ్గురం నవ్వు ఆపుకోలేకపోయాం. “దీని కోసమేటి నేను ఇన్నేళ్లు...” అని మాట పూర్తి చెయ్యలేక కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

గేదెపాలలో అల్లం దంచి వేసి, చిక్కగా టీ మరిగించి, వడకట్టి అదే కెటిల్లో పోసి తెచ్చాను. రెండు కప్పులు తాగారు. “ఇదీ టీ అంటే. మాయమ్మకి ఇలాటిది పోసుంటే ఎంత సంబరపడీదో,” అన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధన కాగానే మా ఇంటికే వస్తారు. నా సామానంతా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు. చక్కెర గిన్నె అంచు పూత పోయి ఎర్రబడి ఉండటం చూసి కోప్పడ్డారు కూడా.

“సింతపండెట్టి రుద్దేవా? పూత ఎంతుంటాదమ్మా, ఉల్లిపొరంత. మెత్తటి గుడ్డా, సుద్దపొడీ సాలు.”

అప్పటినుంచి చింతపండు మానేశాను.

మొన్న ఆదివారం టేబులు మీద నేను కరెంటు బిల్లులు దోపి ఉంచే తీగల స్టాండు చూసి, “ఇదేటి, ఇక్కడెట్టేవు?” అన్నారు. తునిలో కొన్నది, అది దేనికి వాడతారో నాకు తెలియదు. కాల్చిన రొట్టె ముక్కలు మెత్తబడకుండా నిలబెట్టుకునేదట. మా ఆయన అప్పటికప్పుడు బండి తీసి బజారుకెళ్లి బ్రెడ్డు తెచ్చారు. పెనం మీద కాల్చి తీగల మధ్య ఒక్కో సందులో ఒక్కో ముక్క నిలబెట్టాం. ఆరు ముక్కలు పట్టాయి. అవి అయ్యాక ఇంకో ఆరు కాల్చాను.