బుడ్డోడి ఊఁ

ఇదివరకు మా బుడ్డోణ్ణి పడుకోబెట్టే పని మా ఆయనది. నేను వంటిల్లు సర్దుకుంటూ ఆయన చెప్పే కథ వినేదాన్ని. ఇప్పుడు ఆ పని నాకొచ్చింది.

ఆయన లిఫ్టులు బాగుచేసేవారు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో గ్రీజు పోయేది కాదు. ఆ చేతులతోనే కొడుకుని జోకొట్టేవారు. ఆయనకొచ్చిన కథ ఒక్కటే. పై అంతస్తులో ఏనుగు, కుందేలు, చీమ లిఫ్టెక్కుతాయి. బరువెక్కువై అది కదలదు. నువ్వు దిగంటే నువ్వు దిగని కాసేపు పోట్లాడుకుని, చివరికి చీమ దిగుతుంది. లిఫ్టు కదులుతుంది. అక్కడ బుడ్డోడు రోజూ కొత్తగా నవ్వేవాడు. అక్కణ్ణుంచి లిఫ్టు ఒక్కో అంతస్తే దిగేది, దాంతోపాటు ఆయన గొంతూ దిగేది. ఊఁ కొడుతూ కొడుతూ వాడు మధ్యలోనే ఆపేసేవాడు.

"ఈ కథకి చివరేదండీ?" అంటే, "చివరిదాకా వింటే నా కథ పనిచెయ్యనట్టేనే" అనేవారు.

ఒకరోజు వాడింకా లేవకముందే పనికి పిలుపొస్తే వెళ్లారు. అక్కడే గుండె ఆగిపోయింది. ఆయన అక్క, మా వదిన, బుడ్డోణ్ణి తనింటికి తీసుకుపోయింది. వాడికేమీ చూపించలేదు. నాన్న ఇక రాడని మాత్రం చెప్పాం.

అప్పట్నుంచి వాడు ఊఁ ఆపడం లేదు. రెప్పలు వాలిపోతున్నా ఉలిక్కిపడి "ఊఁ" అంటాడు. లిఫ్టు కిందికి చేరిపోతుంది, మళ్లీ పైకి తీసుకెళతాను. బళ్లో బల్ల మీదే తల వాల్చేస్తున్నాడని టీచరు చెప్పింది. పిల్లాడు చిక్కి సగమయ్యాడు.

"కథ చెబుతున్నావా, పంచాయితీ చేస్తున్నావా? నీ గొంతు వింటే వచ్చే నిద్ర కూడా పారిపోతుంది" అంది, మమ్మల్ని చూడ్డానికొచ్చి ఆ రాత్రి ఉండిపోయిన వదిన. "బూచాడొస్తాడని చెప్పు, వాడే కళ్లు మూసుకుంటాడు."

"వద్దు వదినా. వీడు ఇప్పటికే దేనికో భయపడుతున్నాడు."

నిన్న పొద్దుండగానే వాణ్ణి పక్కలో వేసుకుని అడిగాను. "ఎందుకు నాన్నా నిద్రపోవు?"

చాప అంచు పీకుతూ అన్నాడు. "ఆ రోజు నేను ఊఁ ఆపేశాగా. అందుకే నాన్న వెళ్లిపోయాడు. ఆపితే నువ్వూ వెళతావు."

నాన్నకి గుండె జబ్బు చేసిందని, వాడి ఊఁకీ దానికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. విన్నాడు. నమ్మినట్టు లేదు.

"ఇవాళ కథ నువ్వు చెప్పు. ఊఁ నేను కొడతా" అన్నాను.

"మధ్యలో ఆపవుగా?"

"ఆపను. నువ్వు ఆపినా, లేచేసరికి ఇక్కడే ఉంటా."

"కదలకూడదు మరి."

"కదలను."

చీమ దిగింది. లిఫ్టు బయల్దేరింది. ఏ అంతస్తులోనో వాడి మాట ముద్దయి ఆగిపోయింది. నేను ఇంకాసేపు ఊఁ అంటూనే ఉన్నాను.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. "మీ బట్టలన్నీ మేడ మీద తడుస్తున్నాయమ్మా" అని పక్కింటావిడ కేకేసింది. వాడి బడి బట్టలూ అందులోనే ఉన్నాయి. నా చెయ్యి వాడి గుప్పిట్లో ఉంది. నేను కదల్లేదు. తడవనిచ్చాను.