వేళ్లకు నలభై రోజుల సెలవు

వేలిముద్ర పుట్టుకతో వస్తుందనీ, చచ్చేదాకా మారదనీ చదువుకున్నవాళ్లు చెబుతారు. చదువుకున్నవాళ్లు బీడీలు చుట్టరు కదా, వాళ్లకేం తెలుసు! మెట్‌పల్లి మార్కెట్ వెనక గల్లీకి వచ్చి ఒకసారి అనసూర్య చేతులు చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

ఆమెకు పదకొండేళ్లప్పుడు తల్లి ఒళ్లో చాట పెట్టింది. ఇప్పుడు నలభై ఏడు. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, బొటనవేళ్లూ చూపుడువేళ్లూ నడిమివేళ్లూ కలిపి చుట్టి, మూతి మడిచి, దారం కట్టి పక్కన పడేస్తుంది. రోజుకు వెయ్యి. ముప్పై ఆరేళ్లుగా ఆకు రాసుకుని రాసుకుని వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే అది పలకదు. డీలరు విసుక్కుని కన్ను పెట్టమంటాడు, కన్ను చూసి బియ్యం ఇస్తాడు. గల్లీలో ఆడవాళ్లందరిదీ ఇదే కథ కాబట్టి దాన్ని ఎవరూ కష్టం అనుకోలేదు.

కష్టం సౌదీ దారిలో వచ్చింది.

అనసూర్య భర్త దశరథం ఆమెకు మేనబావే. మరమగ్గం మీద బతుకు నడవక, పెళ్లైన రెండేళ్లకు దమ్మాం వెళ్లాడు. ఒక కంపెనీలో కూలీగా చేరి, గోదాము తాళాలు చేతికిచ్చేంత నమ్మకం సంపాదించి స్టోర్‌కీపర్ అయ్యాడు. రెండేళ్లకోసారి రెండు నెలలు సెలవు మీద వస్తాడు. అలా ఇరవై ఆరేళ్లు గడిచాయి. కూతురు భవ్యశ్రీ పుట్టింది, పెరిగింది, పెళ్లై మంచిర్యాల వెళ్లింది. వచ్చే ఎండాకాలానికి దశరథం పని మానేసి ఇంటికి వచ్చేస్తున్నాడు. గల్లీ అంతా సంతోషించింది. అనసూర్య కూడా సంతోషించింది గానీ, ఒకనాడు ఫోన్లో ఉన్నట్టుండి అడిగింది.

"బావా, నువ్వు వచ్చేముందు నేనొకసారి ఆడికి రావాలె."

"ఈడ ఏమున్నదే? ఎండ, ఇసుక."

"నువ్వు లేవా? ఇరవై ఆరేండ్లు నువ్వు ఏ అర్రల పండుకున్నవో, ఏ గిన్నెల వండుకున్నవో నాకెర్క లేదు. నువ్వు ఇంటికొచ్చినంక గది నాకు ఇంకెప్పుడు కనవడది. ఒక్కసారి నా కండ్లతోని చూడాలె."

పెళ్లాం ఇన్నేళ్లలో చీర అడగలేదు, సొమ్ము అడగలేదు. అడిగిన ఒక్కటీ తన గది అయ్యేసరికి దశరథం కాదనలేదు. మర్నాటి నుంచే కాగితాల వెంట పడ్డాడు. కంపెనీ పెద్దసారు సంతకం పెట్టాడు. భార్య నెల రోజులు వచ్చి ఉండటానికి అనుమతి దొరికింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, అంతా అయ్యాక హైదరాబాద్‌లో వీసా కేంద్రం దగ్గర చిక్కు వచ్చింది. పది వేళ్ల ముద్రలూ ఇవ్వాలి. అనసూర్య వేళ్లు అద్దం మీద పెట్టింది. కౌంటర్లో అమ్మాయి సబ్బుతో కడుక్కుని రమ్మంది, తడిగుడ్డతో తుడిచింది, తనే వేళ్ల మీద నొక్కి చూసింది.

"ఒకటీ అరా పడుతున్నాయమ్మా, పదీ పడాలి. గీతలే లేవు. చేతి పని ఆపేసి నెల, నెలన్నర ఊరుకుంటే మళ్లీ వస్తాయి. మీ కాగితానికి ఇంకా గడువుంది, అప్పుడు రండి."

భవ్యశ్రీ పక్కనే ఉండి ధైర్యం చెప్పింది గానీ తిరుగు బస్సులో అనసూర్య కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. నెలన్నర చాట ముట్టకుండా ఉండటం ఎలా? వరసగా బీడీలు అప్పగించకపోతే కార్ఖానావాళ్లు పుస్తకంలో పేరు కొట్టేస్తారు. ముసలితనానికి వచ్చే పింఛను ఆ పేరు మీదే ఉంది. మొగుడి గది చూడాలన్న ఒక్క కోరికకు అంత పోగొట్టుకోవచ్చా అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పొద్దున సంగతంతా విన్న సత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. సత్తమ్మ పక్కింటి పెద్దావిడ, వరసకు అత్త. ఆమె గుసగుసలాడినా గల్లీ చివరి ఇంటికి వినిపిస్తుంది.

"నీ వెయ్యి మేం చుడ్తం. నేను ఐదొందలు, నసీమా ఐదొందలు. నీ పేరు మీద ఇచ్చేస్తం. నువ్వు చేతులు ముడుసుకొని కూసో."

"అత్తా, నీ వెయ్యి మీదికెల్లి ఇంకో ఐదొందలా? నీ నడుం ఏం గావాలె?"

"నా నడుం సంగతి నీకెందుకే? నీ మొగణ్ణి చూసి రా పో!"

నసీమా ఎదురింటి మనిషి. చిన్నప్పటి నుంచీ అనసూర్యతో ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టింది. ఆమె నవ్వి, "బదులు పని అనుకో అనసూర్యా, నువ్వు మల్ల మాకు చుట్టియ్యి. నలభై దినాలు ఆగు. మా దాంట్ల చిల్లా అంటరు. కాన్పయినా నలభై దినాలే, ఏది బాగు గావాలన్నా నలభై దినాలే," అంది. పొలాల్లో ఒకరి నాటుకు ఒకరు వెళ్లి, తర్వాత వాళ్ల నాటుకు వీళ్లు వెళ్లినట్టు బదులు అన్నమాట. మొహమాటం పోగొట్టడానికి నసీమా అలా అంది. అనసూర్య మాత్రం ఆ మాటను కొంగున ముడివేసుకుంది.

ఇక ఆమె వేళ్లకు జరిగిన మర్యాదలు కొత్త కోడలికి కూడా జరిగి ఉండవు. గిన్నెలు తోమనివ్వలేదు, బట్టలు ఉతకనివ్వలేదు. భవ్యశ్రీ మంచిర్యాల నుంచి ఏదో క్రీము పంపింది. సత్తమ్మకు క్రీముల మీద నమ్మకం లేదు, రోజూ వచ్చి వెన్న రాసి పోయేది. నసీమా చేతులతో బీడీలు చుడుతూ నోటితో ఉర్దూ నేర్పేది. ఎయిర్‌పోర్టులో ఎవరైనా అడిగితే "మేరే శోహర్ యహాఁ కామ్ కర్‌తే", అంటే నా మొగుడు ఇక్కడ పని చేస్తాడు అనాలని వందసార్లు పలికించింది.

అన్నిటికంటే కష్టం ఊరికే కూర్చోవడం. టీవీ చూస్తున్నా, మాట్లాడుతున్నా అనసూర్య వేళ్లు వాటంతట అవే గాలిలో కదిలేవి. కత్తిరించడం, పరవడం, చుట్టడం, మడవడం. సత్తమ్మ చూసి ఫట్‌మని చేతి మీద కొట్టేది. "గాలిల గూడ బీడీలు జేస్తున్నవా? గవి ఎవలు తాగాలె?"

ఇరవయ్యో రోజుకు చూపుడువేలి మీద సన్నటి గీత కనిపించింది. అనసూర్య వాకిట్లోకి పరుగెత్తి, ఎండలో వేలు పట్టుకుని ఇద్దరినీ పిలిచింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి దాన్ని పసిబిడ్డ పన్ను చూసినట్టు చూశారు. నలభై ఒకటో రోజున హైదరాబాద్‌లో పదికి పది ముద్రలూ పడ్డాయి. అనసూర్య కౌంటర్లో అమ్మాయి బుగ్గలు పుణికి, దిష్టి తీసి మరీ వచ్చింది.

విమానానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. మర్నాడు తెల్లవారగానే అనసూర్య చాట ముందేసుకుని అరుగు మీద కూర్చుంది.

"ఏందే, గంత తొందరేమొచ్చింది? పోయొచ్చినంక చుట్టరాదు?" అంది సత్తమ్మ.

"పోయొచ్చేదాంక ఎవలుంటరో ఎవలు పోతరో. ఏరు దాటినంక బోడి మల్లయ్య అనిపించుకుంటనా నేను? ముద్రలు పడ్డయ్ గదా అత్తా, ఇంక వేళ్లతోని ఏం పని?"

నిజమే కదా అని సత్తమ్మా అనుకుంది, నసీమా అనుకుంది. తన వెయ్యి కాక ఒకరోజు సత్తమ్మకు, ఒకరోజు నసీమాకు, పగలంతా వంచిన తల ఎత్తకుండా చుట్టింది. ఇన్నాళ్లూ ఆకలిగొన్న వేళ్లు ఆకు మీద పడ్డాయి. పదిహేడో రోజు సాయంత్రానికి బదులులో వీలైనంత తీర్చేసి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

బయల్దేరే పొద్దున దశరథం ఫోన్ చేశాడు. "దిగినంక లైన్ల నిలబడు. ఆడ మిషన్ మీద మల్ల ఒకసారి వేళ్లు పెట్టాలె. హైదరాబాద్ల ఇచ్చినయీ గవీ ఒక్కటైతేనే లోపటికి రానిస్తరు. ఒకల పేరు మీద ఇంకొకలు రావద్దు గదా, అందుకు. రెండు నిమిషాల పని. ఫికర్ చెయ్యకు."

అనసూర్య చేతులు చూసుకుంది. వేళ్ల కొనలు గోదావరి గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి. ఆ మాట మొగుడికి చెప్పలేదు. చెబితే అక్కడ ఆయన పరేషాన్ కావడం తప్ప ఏం లాభం? సత్తమ్మకూ నసీమాకూ అసలే చెప్పలేదు. తమ కోసం చుట్టి వేళ్లు పోగొట్టుకుందని తెలిస్తే వాళ్లకు అన్నం సహించదు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో భవ్యశ్రీ ముందే తల్లి ఫొటో ఫోన్లో ఎక్కించి ఉంచింది. గేటు ముందు నిలబడగానే ముఖం గుర్తుపట్టి అది తెరుచుకుంది. బొట్టు గుర్తుపట్టిందో, ముక్కుపుల్ల గుర్తుపట్టిందో! అద్దం అవతల నుంచి కూతురు నవ్వుతూ చెయ్యి ఊపింది. అనసూర్య కూడా ఊపింది, పిడికిలి విప్పకుండానే.

దమ్మాంలో రాకపోకలు అలవాటైనవాళ్లు గేట్ల ముందు ముఖం చూపించి బస్సు దిగినంత తేలిగ్గా వెళ్లిపోతున్నారు. అనసూర్య కొత్తవాళ్ల లైన్లో నిలబడింది. కౌంటర్లో నల్ల బురఖా వేసుకున్న ఆఫీసరమ్మ ఉంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కుడిచేతి నాలుగు వేళ్లూ పెట్టమని సైగ చేసింది. ఎర్ర దీపం. మళ్లీ పెట్టించింది. ఎర్ర దీపం. ఎడమ చెయ్యి, బొటనవేళ్లు, అన్నిటికీ అదే ఎర్ర దీపం. వెనకవాళ్లను పక్క లైన్లోకి పంపి, అనసూర్యను బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆమెతో దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. ఇంకో విమానం జనం వచ్చారు, వాళ్లూ వెళ్లిపోయారు. తిప్పి పంపిస్తారని అనసూర్యకు భయం పట్టుకుంది. ఆ గోడకు అవతలే ఆయన నిలబడి ఉంటాడు. ఇంత దూరం వచ్చి, గడప దగ్గర నుంచి వెనక్కి పోతే ఆ గది ఈ జన్మలో చూడలేదు. తన తొందరపాటే కదా అని ఏడుపు వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరమ్మ లేచి వచ్చింది. "హాథ్ కో క్యా హువా? క్యా కామ్?" అని, చేతులకేమైందో, ఏం పని చేస్తుందో వచ్చీరాని హిందీలో అడిగింది.

నసీమా నేర్పిన ఉర్దూ ఒక్క ముక్క గుర్తు రాలేదు. "బీడీ... బీడీ అమ్మా," అంది. ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు అనసూర్య ఒళ్లో చాట ఉందనుకుని కూర్చుని, గాలిలో ఆకు కత్తిరించింది, తంబాకు పరిచింది, చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది. నలభై రోజులు దెబ్బలు తిన్నా మానని అలవాటు కదా, చేతులు తడుముకోలేదు.

ఆఫీసరమ్మ చూసింది. ఇంకోసారి చెయ్యమంది. రెండోసారి మధ్యలో ఆపి, అనసూర్య చెయ్యి పట్టుకుంది. ఆరు వేళ్లు ఆకుతో కుస్తీ పడుతుంటే రెండు చిటికెన వేళ్లూ అత్తింటికొచ్చిన కొత్త అల్లుళ్లలా పనికి దూరంగా లేచి నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక చిటికెన వేలిని వెలుగులోకి తిప్పి చూసి, "యే! ఛోటీ ఉంగ్లీ!" అంటూ మిషన్ దగ్గరికి తీసుకెళ్లింది.

కుడి చిటికెన వేలు ఒక్కదాన్నే పెట్టించింది. పచ్చ దీపం. ఎడమది కూడా పచ్చ దీపమే. పై ఆఫీసరును పిలిచి ఏదో మాట్లాడింది, కెమెరాలో ముఖం, కళ్లు చూపించింది. ఆయన తల ఊపాడు. పాస్‌పోర్టు మీద ముద్ర పడిన చప్పుడు విని అనసూర్య రెండు చేతులూ ఎత్తి ఆవిడకు దండం పెట్టింది. బురఖా వెనక ఆ కళ్లు నవ్వాయి.

బయట దశరథం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖం వెలవెలబోయి ఉన్నాడు. "ఏమైందే? గంటన్నర అయింది! నేనీడ సచ్చి బతికిన," అన్నాడు.

అనసూర్య ఏడుస్తూ, నవ్వుతూ అంతా చెప్పింది. బదులు తీర్చిందీ, వేళ్లు అరిగిందీ, గాలిలో బీడీ చుట్టిందీ. చివరికి చిటికెన వేలు చాపి చూపించింది. "గిదొక్కటే పాసయింది బావా."

దశరథం ఆ వేలి వంక చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట పెళ్లి పందిట్లో హోమం చుట్టూ ఆ వేలే పట్టుకుని నడిచాడు. ఇప్పుడు అంతమంది మధ్యలో మళ్లీ దాన్నే పట్టుకున్నాడు.

"మిషన్‌కు గిప్పుడు దొర్కింది. నేనెప్పుడో పట్టుకున్న," అన్నాడు.

సిగ్గరి మనిషి అనసూర్య. అయినా వేలు లాక్కోలేదు.

గది ఊరి చివర గోదాము పక్కనే ఉంది. కంపెనీవాళ్లు స్టోర్‌కీపర్‌కని వేరుగా ఇచ్చింది, దశరథం పదకొండేళ్లుగా అందులోనే ఉన్నాడు. ఒక ఇనుప మంచం, తాడు మీద మూడు చొక్కాలు, మూలన స్టవ్వు. అనసూర్య చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్లింది. ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. పిడి ఊడిన గిన్నెకు తీగె చుట్టి ఉంది. పళ్లెం ఒక్కటే. గోడకు తల ఆనే చోట నూనె మరక ఉంది. ఆ మరక మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది.

దశరథం చాయ్ పెట్టాడు. అరమీద రెండు స్టీలు గ్లాసులున్నాయి. ఒకటి సొట్టలు పడి, గీతలు పడి పాతబడింది. రెండోది తళతళలాడుతోంది, దాని మీద దుకాణం కాగితం ఇంకా అతుక్కునే ఉంది. ఆయన కొత్త గ్లాసులో చాయ్ పోసి ఆమెకు అందించాడు.

"నీ కోసమే తెచ్చిన. నిన్ననే కొన్న."

అనసూర్య దాన్ని ఆయన వైపే జరిపింది. చెయ్యి చాపి పాత గ్లాసు తీసుకుంది.

"కొత్తదాని కోసం నేను గింత దూరం రాలే, బావా," అంది.