కదపకూడని సీసా

ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు తూనీగ. కుదురన్నది ఏ కోశానా లేదు మరి. వాళ్ల నాన్న ఇళ్లకు రంగులు వేస్తాడు. చిన్నప్పుడు ఆయన రంగేసిన తలుపుల్లో తూనీగ వేలిముద్ర పడనిది ఒక్కటీ లేదు. ఆరిందో లేదో ముట్టుకుని చూడకపోతే ఆవిడగారికి ప్రాణం ఊరుకోదు. నాన్న ఆ ముద్రని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ రంగు పూసేవాడే తప్ప పల్లెత్తు మాట అనేవాడు కాదు. అనుంటే బాగుండేదని నా అభిప్రాయం.

అలాంటి మనిషి పోయి పోయి బీఎస్సీ క్లినికల్ జెనెటిక్స్ టెక్నాలజీలో చేరింది. అది డాక్టరు చదువా, కాంపౌండరు చదువా అని నాయనమ్మ అడిగింది. రెండూ కాదు, మనిషి కణాల్ని పెంచి, వాటిలోని క్రోమోజోముల్ని లెక్కపెట్టి జతలు కలిపే చదువని తూనీగ చెప్పింది. పెళ్లిళ్ల పేరయ్య చేసేదీ అదే కదా, దానికి ఇన్నేళ్లెందుకని నాయనమ్మ తేల్చి పారేసింది.

లెక్కపెట్టడమూ, జతలు కలపడమూ తూనీగకి ఇట్టే పట్టుబడ్డాయి. ఆగడమే రాలేదు.

చివరి ఏడాది శిక్షణకి ఒక ఆసుపత్రి ల్యాబులో వేశారు. అక్కడి సీనియర్ టెక్నాలజిస్టుని అందరూ మేడం అనేవారు. తక్కువ మాటలు, ఎక్కువ చూపులు. ఒక సోమవారం ఓ గర్భిణి ఉమ్మనీరు పరీక్షకొచ్చింది. మేడం దాన్ని అరచేతిలో పట్టే రెండు ప్లాస్టిక్ సీసాల్లోకి పంచి, కణాల్ని ఒంటి వేడిలో ఉంచే వేర్వేరు ఇంక్యుబేటర్లలో పెట్టింది. మొదటి సీసా బాధ్యత తూనీగది. చెప్పింది ఒక్కటే: ఏడు రోజులు కదపకూడదు. ఆ నీటిలోని బిడ్డ కణాలు నెమ్మదిగా అడుక్కి దిగి, అంటుకుని, అప్పుడు పెరుగుతాయి. కదిపితే అంటుకోవు. రెండు సీసాలూ పాడైతే ఆ తల్లి పొట్టలో మళ్లీ సూది గుచ్చాలి.

మంగళవారం గడిచింది. బుధవారం తూనీగ కాలుగాలిన పిల్లిలా ఇంక్యుబేటర్ ముందు తిరిగింది. మేడం భోజనానికి వెళ్లగానే సీసా తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏమీ కనపడలేదు. కనపడలేదు కాబట్టి గురువారం మళ్లీ తీసింది. శుక్రవారమూ తీసింది. శనివారం చూసేసరికి కణాలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. అడుగున ఒక్కటి కూడా అంటుకోలేదు.

కొన్ని సీసాలు వాటంతటవే పాడవుతాయి, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంక్యుబేటర్ తలుపు ఎవరు ఎప్పుడు తీశారో రాసే పుస్తకంలో తూనీగ గడి ఖాళీగానే ఉంది. కక్కలేక మింగలేక గంటసేపు మైక్రోస్కోపు గాజు పలకలు తుడిచింది. చివరికి కలం తీసి మూడు తేదీలూ, ఆ రోజుదీ రాసి, పుస్తకం పట్టుకెళ్లి మేడం ముందు పెట్టింది.

మేడం తిట్టలేదు. డాక్టరుకి ఫోన్ చేసి, ఒక సీసా మా చేతుల్లోనే పాడైందని ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత తూనీగ కుర్చీని రెండో ఇంక్యుబేటర్ ఎదురుగా వేయించి, సోమవారం దాకా అది నీదే అంది. అంతకంటే రెండు దెబ్బలు వేసినా నయమనిపించింది తూనీగకి.

ఆదివారం ల్యాబులో తనూ మేడమే ఉన్నారు. మేడం పక్క గదిలో ఉండగా ఫోన్ మోగింది. అవతల ఆ గర్భిణే. డాక్టరుగారు చెప్పారు, ఒక సీసా ఎవరో కదిపారట కదా అని అడిగింది.

"నేనేనండి," అంది.



"రెండోదాన్ని ముట్టుకోకమ్మా," అందావిడ, ఫోన్ పెట్టేసింది.

తూనీగకి ఏడుపొచ్చింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. లేచింది, కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది. లోపల ఏముందో తెలియకపోతే ఒళ్లంతా దురద పుట్టినట్టుంది. ఆ రాత్రి ఇంట్లో అన్నం సయించలేదు. సంగతి విన్న నాన్న ఆమె చూపుడువేలు పట్టుకుని కాసేపు చూసి, వదిలేశాడు.

సోమవారం మేడం తనే సీసా తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, పక్కకి జరిగింది. తూనీగ కన్ను ఆనించింది. అడుగున అక్కడక్కడా గుంపులు కట్టి, చేతులు చాచుకుని కణాలు అంటుకుని ఉన్నాయి.

మేడం ఆ గర్భిణికి ఫోన్ కలిపి తూనీగ చేతికిచ్చి, ఫలితం గురించి ఒక్క ముక్క కూడా చెప్పొద్దంది. మళ్లీ సూది అక్కర్లేదండి, రిపోర్టుకి మాత్రం ఇంకో వారం ఆగాలి అని తూనీగ చెప్పింది.

"నిజంగానే ముట్టుకోలేదా?" అడిగిందావిడ.

"లేదండి."

"కష్టమైందా?"

"చాలా కష్టమైందండి."

"నాకూ అంతేనమ్మా," అందావిడ. "ఈ వారం కూడా కూర్చో."

తూనీగ కుర్చీ లాక్కుని కూర్చుంది.