పెద్దమ్మ దించిన గంప

మొన్న తెల్లారగట్ల మా పెద్దమ్మ పోయింది. హార్బరుకు బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిందని అన్నయ్య ఫోన్ చేశాడు. వింటుంటే నాకు మొదట ఆమె చేపల గంప కళ్ళ ముందు కనబడింది.

హార్బరులో చేపలు వేలంలో పాడుకుని, షేర్ ఆటోలో గాజువాక తెచ్చి మా వీధుల్లో అమ్మేది. మీలో చేపలు కొనేవాళ్ళకు తెలుసు, నిండు గంపను ఎవరూ ఒక్కరే తలకెత్తుకోలేరు. కొన్న ఇంటివాళ్ళు సాయం పట్టాలి. "సెయ్యెయ్యమ్మా" అని ఆమె పిలిస్తే ఎవరో ఒకరు వచ్చేవారు.

పెదనాన్న బతికున్నన్నాళ్ళూ ఆమెను కొట్టాడు. వాళ్ళ పేటలో ఎవరూ అడ్డం వెళ్ళలేదు. రేవు ఆడది, దెబ్బలకు ఓర్చుకుంటుందని సరిపెట్టుకున్నారు. "ఆడు కొట్టిన దెబ్బలు మానిపోనాయే. ఈలన్న మాటే ఇంకా మాననేదు" అనేది నాతో.

రెండేళ్ళ కిందట, ఆఫ్రికా నుంచి చదువుకోడానికి వచ్చిన ఒకమ్మాయి మా వీధిలో అద్దెకుండేది. ఇంటి ఓనరు తమ్ముడు మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకుంటే కొట్టాడు. పెదవి చిట్లిపోయింది. మర్నాడు వీధంతా అదే కబురు, సాక్ష్యానికి మాత్రం ఒక్కరూ లేరు. "ఆలు మొరటోలు, ఆలకేటి నొప్పి?" అన్నాడు ఓనరు.

అప్పుడే వీధిలోకి వచ్చిన పెద్దమ్మ ఆ మాట వింది. తిన్నగా అతని గేటుకడ్డంగా గంప దించి కూర్చుంది.

"తోలు నల్లగుంటే నొప్పి తెల్దేటి? నన్నడుగు, నాను సెప్తాను! సూసినోలున్నారు ఈ ఈదిలో. ఆలే వచ్చి నా గంపెత్తాల. అందాకా నాను ఇక్కడ్నుంచి నెగను."

ఎండెక్కింది. ఐసు కరిగి నీళ్ళు గేటు కింద నుంచి లోపలికి పారాయి. ఓనరు ముక్కు మూసుకుని గంప మీద చెయ్యి వేయబోతే "సెయ్యి తియ్!" అంది. కానాగంత చేపలు కుళ్ళిపోతాయని నేను బతిమాలాను. "కంపు కొట్టనీయే. ఎక్కడిదో తెలవాల గదా" అంది.

చివరికి ఎదురింటి కోడలు మేడ దిగి వచ్చింది. వెనక నుంచి అత్తగారు పిలుస్తూనే ఉంది. "నేను చూశాను. స్టేషన్లో చెప్తాను" అంటూ గంప అంచు పట్టుకుంది. రెండో అంచు ఆ అమ్మాయి పట్టుకుంది. పెద్దమ్మ లేచి తల పెట్టింది. ముగ్గురూ గంపతోనే స్టేషన్‌కు నడిచారు. కేసు రాయించాకే తిరిగొచ్చారు. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన మనిషి ఇంత మనిషని నాకు ఆవేళే తెలిసింది.

మొన్న పెద్దమ్మను కాటికి తీసుకెళ్ళాక ఆ కోడలూ, ఆ అమ్మాయీ కలిసే పెద్దమ్మ ఇంటికి వచ్చారు. గంప అరుగు మీద బోర్లించి ఉంది. ఆ అమ్మాయి దాన్ని వెల్లకిలా తిప్పి ఒక అంచు పట్టుకుంది. కోడలు రెండోది అందుకుంది. ఖాళీ గంపను పెద్దమ్మ తలెత్తు దాకా లేపి, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు.