సుగుణ మేడం అడగమన్న ప్రశ్న

ఏలూరు శిక్షణ హాల్లో ఇనుప కుర్చీలు కీచుమంటూ జరిగినప్పుడల్లా నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. ఎదురెదురుగా కూర్చోమని ఆవిడ కుర్చీలు జరిపించేవారు, ఆ చప్పుడుతోనే తరగతి మొదలయ్యేది. ఆవిడది తాడేపల్లిగూడెం, ఫిజియోథెరపిస్టు. రోగులకు నడక గురించి, వ్యాయామం గురించి ఎలా చెప్పాలో డాక్టర్లకూ నర్సులకూ నేర్పేవారు. ఇప్పుడు ఆ తరగతి నేను చెబుతున్నాను. అందరూ దాన్ని నా పద్ధతి అంటున్నారు. అది నిజం కాదు.

నేను నేర్చుకోవడానికి వెళ్లిన మొదటిరోజు ఆవిడ రోగిలా నటిస్తూ నా ఎదుట కూర్చున్నారు. రోజూ అరగంట నడవాలని చెప్పాను. అలాగేనండీ అని లేచి, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"నేను నడవనండీ డాక్టరుగారూ. ఎందుకని మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈవిడ ఏనాడూ ఓపీలో రోగుల వరస ఎంత పొడుగో చూసి ఉండరని టీ దగ్గర అందరితో అన్నాను. పై అధికారులకూ అదే చెప్పాను. మరుసటి ఏడు ఆవిడను పిలవలేదు.

అప్పట్లో గణపవరం ఆసుపత్రిలో నా దగ్గరికి శాస్త్రిగారని ఒక పురోహితులు వచ్చేవారు. షుగరు తగ్గడం లేదు, అరికాళ్లు మొద్దుబారుతున్నాయి. నడవమంటే తలూపేవారు, నడిచేవారు కాదు. ఒకరోజు వరసలో అందరూ వింటుండగా మీకు బద్ధకమండీ అన్నాను. పెద్దాయన తల దించుకుని లేచారు. ఆ ముఖం చూశాక మనసొప్పక, మళ్లీ కూర్చోబెట్టి, ఎందుకు నడవరని మొదటిసారి అడిగాను.

"నడిచానండీ, ఓ మూడు రోజులు. పొద్దున్నే నేను గబగబా వెళుతుంటే గుమ్మాల్లోకి వచ్చి, ఎవరు పోయారండీ అని అడుగుతున్నారు. ఏమని చెప్పనండీ?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వేశారు. ఊరి ఆ చివర ఆయన చెల్లెలు ఉంటారని మాటల్లో తెలిసింది. అడిగినవాళ్లకు చెల్లెలింటికని చెప్పి, నిజంగానే రోజూ వెళ్లి రమ్మన్నాను. అక్కడ కాఫీ మాత్రం పంచదార లేకుండా. కొన్ని నెలలకు షుగరు దారికొచ్చింది.

అప్పుడు తాడేపల్లిగూడెం వెళ్లి, ఆవిడను పిలవకపోవడం నా మాటల వల్లేనని, శాస్త్రిగారి సంగతితో సహా మేడంకి చెప్పాను. ఆవిడ మోకాలు నిమురుకుంటూ విన్నారు.

"మీ మాటల వల్లేనని నాకు అప్పుడే తెలుసండీ. ఇంతకీ ఆయన నడుస్తున్నారా?"

నడుస్తున్నారన్నాను.

"అయితే ఇకమీదట కుర్చీలు మీరు జరిపించండి. నా మోకాళ్లు నా మాట వినడం లేదు."

ఆ సాయంత్రం బస్సెక్కి కూర్చున్నాక గుండె ఎంత తేలికైందో చెప్పలేను. తరగతి మొదట్లో ఇదంతా ఆవిడ పేరుతో సహా చెబుతాను. ఓపీ వరస ఇప్పటికీ పొడుగే. అయినా, మీరు పొద్దున్నే బయల్దేరితే మీ వీధిలో ఏమంటారండీ అని రోగిని ముందు అడుగుతాను. జవాబు వచ్చేదాకా కలం ముట్టుకోను.